నాలుగు పేటల పురి

నా బల్ల మీద రెండు తీగ ముక్కలున్నాయి. రెండూ స్పీకరు తీగలే. మొదటిదాన్ని గాజులాంటి తొడుగులో చూస్తే లోపల ఆకుపచ్చగా కనిపిస్తుంది. అది చిలుము. కొన్న రోజున ఆ తొడుగులోంచి రాగి ధగధగలాడుతూ కనిపించింది, ఆ మెరుపు చూసే తీసుకున్నాను. కాకినాడ సముద్రపు గాలికి నాలుగేళ్లు తిరక్కుండానే కొసల దగ్గర మొదలై మూరెడు లోపలిదాకా పచ్చబడింది. రెండో ముక్కలో ఏ మెరుపూ లేదు. మందపాటి తొడుగు, చిటికెన వేలంత లావు, చేతిలోకి తీసుకుంటే అనుకున్నదానికంటే బరువు. జపాను సంస్థ కెనారే తయారుచేసే 4ఎస్11 అది. బయటి వ్యాసం 10.8 మిల్లీమీటర్లు. అమెరికా నుంచి సెలవులకు వచ్చిన మేనల్లుడు పది మీటర్లు తెచ్చిపెట్టాడు. "మామయ్యా, నీ తీగ కోసం రెండు జతల బట్టలు పెట్టెలోంచి తీసేశాను" అని ఇప్పటికీ దెప్పుతుంటాడు. వాడి బాధలో న్యాయముంది. ఆ పది మీటర్లలో రాగి ఒక్కటే ముప్పావు కిలో.

ఇది బిగించాక పాట మారిపోయిందా అని అడిగినవాళ్లకు లేదనే చెబుతున్నాను. పూలతో కూడితే నారకూ వాసన అబ్బుతుందంటారు కదా, స్పీకరు తీగకు కావలసిన సుగుణం అందుకు ఎదురు: తన వాసన పూలకు అంటనివ్వకూడదు. ఆ ఒక్క పని కోసం దీన్ని చేసినవాళ్లు ఎంత శ్రద్ధ పెట్టారో బ్లేడు పెట్టి కోసి చూస్తేగాని నాకు తెలియలేదు.

యాంప్లిఫైయరు నుంచి స్పీకరు దాకా కావలసింది రెండే తీగలు. ఒకటి విద్యుత్తు పోవడానికి, ఒకటి తిరిగి రావడానికి. టేబుల్ ల్యాంపుకైనా అంతే. అందుకే 1970ల నడిమిదాకా చాలా ఇళ్లలో ల్యాంపు వైరునే ముక్క కోసి స్పీకర్లకు బిగించుకునేవారు. 1979లో అమెరికాలో నోయల్ లీ మాన్‌స్టర్ కేబుల్ సంస్థ పెట్టి, లావుపాటి స్పీకరు తీగను ప్రత్యేకమైన సరుకుగా అమ్మడం మొదలుపెట్టాక ఇదొక పెద్ద వ్యాపారమైంది. నాలుగేళ్ల తరవాత, 1983లో, స్టీరియో రివ్యూ పత్రిక ఏ తీగ మోగుతోందో చెప్పకుండా శ్రోతలకు వినిపించి చూసింది. సంగీతం వింటున్నప్పుడు ఖరీదైన తీగకూ మామూలు 16 గేజి ల్యాంపు వైరుకూ తేడా పట్టలేకపోయారు. సన్నటి 24 గేజి తీగ మాత్రం దొరికిపోయింది. తీగ విషయంలో వినబడే తేడా ఎక్కువగా లావు దగ్గరే ఉందని తేలింది.

ఆ సన్నతీగ ఎందుకు దొరికిపోయిందో లెక్క కడితే అర్థమవుతుంది. మన బజారులో తీగ లావును చదరపు మిల్లీమీటర్లలో చెబుతారు. ఎలక్ట్రీషియన్లు "రెండున్నర వైరు" అనేది 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగనే. సులువుగా వంగే రకం రాగి తీగకు ఆ లావులో నిరోధం కిలోమీటరుకు 7.98 ఓమ్‌లు మించకూడదని ప్రమాణం. స్పీకరు అయిదు మీటర్ల దూరంలో ఉంటే పోనూ రానూ పది మీటర్లు, అంటే 0.08 ఓమ్. 8 ఓమ్‌ల స్పీకరు ముందు అది నూటికి ఒక వంతు. అదే దూరానికి 0.5 తీగ వాడితే 0.39 ఓమ్, నూటికి దాదాపు అయిదు వంతులు. తీగ నిరోధం స్పీకరు ఓమ్‌లలో నూటికి అయిదు దాటకూడదన్నది ఇంజనీర్లు చాలాకాలంగా వాడుతున్న లెక్క. ఆ 0.5 తీగ గట్టు మీద నిలబడి ఉందన్నమాట, 24 గేజి తీగ దానికంటే సన్నం.

నూటికి అయిదు పోతే ఏమైంది, నాబ్ కాస్త తిప్పితే సరిపోదా అనిపిస్తుంది. ఆ నష్టం అన్ని స్వరాలకూ సమంగా ఉంటే సరిపోయేదే. కానీ 8 ఓమ్‌ల స్పీకరు అన్నిచోట్లా 8 ఓమ్‌లుగా ఉండదు. ఒక స్వరం దగ్గర 5కు దిగుతుంది, మంద్రంలో ఒకచోట 30కి ఎగబాకుతుంది. సన్నతీగ 5 దగ్గర ఎక్కువ మింగుతుంది, 30 దగ్గర తక్కువ. ఆ హెచ్చుతగ్గు మన 0.5 తీగతో అర డెసిబెల్ దాకా వస్తుంది, ఇంకా సన్నదైతే మరింత. దానికి తోడు, స్పీకరు కోన్ ఊగి ఆగాల్సినప్పుడు దాన్ని పట్టి ఆపే యాంప్లిఫైయరు అదుపు కూడా ఈ నిరోధం వల్ల సడలుతుంది. మృదంగం తొప్పి మీద పడిన దెబ్బ తెగాల్సిన చోట తెగక కాస్త సాగుతుంది. నార వాసన పూలకు అంటడమంటే ఇదే. తీగ లావయ్యే కొద్దీ ఈ గొడవ తగ్గుతూ పోయి, ఒక హద్దు దాటాక ఏ చెవికీ అందనంత చిన్నదవుతుంది. ఆ హద్దు దాటించడమే మంచి తీగ చేసే పని.

ఇక బ్లేడు తీశాను. కెనారే తీగ పై తొడుగు చుట్టూ గాటు పెట్టి మెలితిప్పితే చింతపండు బొట్ట మీది పెంకులా శుభ్రంగా ఊడి వచ్చింది. లోపలి తీగల మీద ఒక్క గీత పడలేదు. మంచి తొడుగుకు ఇది తొలి గుర్తు: కింద ఉన్నదాన్ని గట్టిగా పట్టుకోవాలి, కానీ అతుక్కుపోకూడదు. రెండో గుర్తు అడ్డకోతలో కనిపిస్తుంది. కరిగిన ప్లాస్టిక్‌ను పరుగెత్తే తీగ చుట్టూ పోతపోస్తారు. అచ్చు వెంట్రుకంత పక్కకు జరిగితే తొడుగు ఒకవైపు లావు, ఒకవైపు పల్చన అవుతుంది. నా పచ్చతీగను కోసి చూస్తే రాగి ఒక పక్కకు ఒరిగి, ఆ వైపు తొడుగు కాగితమంత మిగిలింది. ఇందులో ఎక్కడ కోసినా రాగి నడిబొడ్డునే ఉంది. భూతద్దం పెట్టి పదిచోట్ల చూశాను, పదిచోట్లా అదే.

తొడుగు తీశాక ఆశ్చర్యం. రెండు తీగలుండాల్సిన చోట నాలుగున్నాయి. రెండు ఎర్రవి, రెండు తెల్లవి. నులకతాడు పేనినట్టు నాలుగూ కలిసి ఒకే పురిలో తిరుగుతున్నాయి, సందుల్లో పీచు నింపి ఉంది. ఎరుపుకు ఎదురుగా ఎరుపు, తెలుపుకు ఎదురుగా తెలుపు, చదరానికి నాలుగు మూలల్లా. రెండు ఎర్రవాటినీ కొసలో కలిపేస్తే ఒక తీగ, రెండు తెల్లవాటినీ కలిపేస్తే ఇంకొకటి. ఈ అమరిక పేరు స్టార్ క్వాడ్. పూర్వం టెలిఫోను కేబుళ్లలో పుట్టి, మైకు తీగల్లోకి వచ్చి, ఇక్కడిదాకా చేరింది. ఒక్కో పేట 14 గేజి, అంటే 2.08 చదరపు మిల్లీమీటర్లు. రెండు కలిస్తే 4.16. అయిదు మీటర్ల దూరానికి పోనూ రానూ నిరోధం 0.04 ఓమ్ దగ్గర తేలుతుంది.

అంత లావు కావాలంటే రెండే తీగలు లావుగా లాగవచ్చు కదా, నాలుగెందుకు? నిరోధం ఒక్కటే పాటకు అడ్డు కాదు. పోయే తీగ, వచ్చే తీగ ఒకదానికొకటి దూరంగా ఉంటే వాటి మధ్య అయస్కాంత క్షేత్రం పెరుగుతుంది. తారస్థాయి ధ్వనులకు అదో అడ్డు, దాన్ని ఇండక్టెన్స్ అంటాం. పక్కపక్కన సాగే మామూలు జంట తీగలో అది మీటరుకు 0.6 మైక్రోహెన్రీ చుట్టుపక్కల ఉంటుంది. అయిదు మీటర్లకు 3 మైక్రోహెన్రీలు. చెవి అందుకోగల పైహద్దు 20,000 హెర్ట్జ్ దగ్గర అది దాదాపు 0.38 ఓమ్‌ల అడ్డవుతుంది. అంటే తీగ లావు చేసి తగ్గించిన నిరోధం కంటే ఎక్కువ. తీగను ఎంత లావు చేసినా ఇది పెద్దగా తగ్గదు. పోయే, వచ్చే తీగలను నాలుగు పేటలుగా విడదీసి ఒకదానిలో ఒకటి అల్లితే క్షేత్రాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఇండక్టెన్స్ సుమారు సగానికి దిగుతుంది.

నిజం చెప్పాలంటే, అయిదు మీటర్ల గదిలో మామూలు 8 ఓమ్‌ల స్పీకరుకు ఆ సగం తగ్గడం చెవికి తెలిసేది కాదు. పదిహేను, ఇరవై మీటర్ల తీగ వేయాల్సిన పెద్ద హాలులోనో, తారస్థాయిలో ఒకటి రెండు ఓమ్‌లకు పడిపోయే ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్లతోనో కొలతకు అందుతుంది. అలాంటి అవసరం నాకు లేదు. అయినా ఆ పురిని చూస్తూ ఉండబుద్ధేస్తుంది. స్కేలు పెట్టి కొలిచాను: ఒక చుట్టుకూ మరో చుట్టుకూ మధ్య పొడవు ఎక్కడా మారలేదు. తాడు పేనేటప్పుడు చెయ్యి ఒక్కచోట సడలినా ఆ లోపం తాడంతా మోస్తుందని పెద్దవాళ్లు చెప్పేవారు. పది మీటర్లలో సడలిన చోటు నాకు కనబడలేదు.

ఒక పేట తొడుగు కూడా ఒలిచాను. లోపల సన్నని రాగి పోగులు, అవీ పురితిరిగి ఉన్నాయి. మన ఇళ్లలో వాడే వైరు కాయిల్ మీద 36/0.3 అని అచ్చువేసి ఉంటుంది. 0.3 మిల్లీమీటర్ల పోగులు 36 అని దానర్థం, కలిపితే 2.5 పైచిలుకు. ఇంగ్లండులో ఏళ్ల తరబడి పేరు పొందిన క్యూఈడీ 79 స్ట్రాండ్ తీగలో 0.2 మిల్లీమీటర్ల పోగులు 79. రెంటి లావూ దాదాపు ఒక్కటే. పోగు సన్నమయ్యే కొద్దీ తీగ మెత్తగా వంగుతుంది, సోఫా వెనక మూలలో మొండికేయదు. మరీ సన్నమైతే స్క్రూ కింద నలిగి తెగుతుంది. ఎన్ని పోగులన్నది ఆ రెండింటి మధ్య చేసిన రాజీ.

పోగును లాగే విద్య కంసాలికి ఎప్పుడో తెలుసు. ఇనుప పలకకు వరసగా బెజ్జాలు పెట్టి, ఒక్కో బెజ్జం ముందుదానికన్నా సన్నగా ఉండేలా చూసుకుని, బంగారాన్ని ఒక్కోదాంట్లోంచి లాగేవాడు. ఆ పలకను కమ్మచ్చు అంటారు. కేబుల్ ఫ్యాక్టరీలో జరిగేదీ అదే. 8 మిల్లీమీటర్ల రాగి కడ్డీని గట్టి అచ్చుల వరసలోంచి లాగుతూ పోతారు. 0.3కు దిగేసరికి ఒక మీటరు కడ్డీ 700 మీటర్లకు పైగా పోగవుతుంది. లాగిన రాగి గట్టిపడి పెళుసెక్కుతుంది. కంసాలి మధ్యమధ్యలో కాచినట్టే దాన్నీ వేడిచేసి మెత్తబరుస్తారు. ఈ కాచడం సరిగా కుదిరిందో లేదో వేళ్లకు తెలుస్తుంది. ఒక పోగును పట్టి వంచితే వంచిన చోట నిలబడాలి, స్ప్రింగులా ఎగరకూడదు. ఇది నిలబడింది.

రాగి వన్నె గురించి పెట్టెల మీద చాలా రాస్తారు. దాని వెనక ఒక నిజమైన కథ ఉంది. తరవాతి కాలంలో లార్డ్ కెల్విన్‌గా పేరుపొందిన విలియం థామ్సన్ 1857లో బజారు రాగి నమూనాలను పరీక్షించి, రకానికీ రకానికీ విద్యుత్తును మోసే శక్తిలో చాలా తేడా ఉందని చూపించాడు. అప్పుడు అట్లాంటిక్ అడుగున టెలిగ్రాఫ్ తీగ వేసే పని నడుస్తోంది. వేల కిలోమీటర్ల తీగలో ఆ తేడా వార్త అందడానికీ అందకపోవడానికీ మధ్య తేడా. అక్కడినుంచి రాగిని పరీక్షించి మరీ కొనడం మొదలైంది. 1913లో మెత్తబరిచిన రాగి వాహకతకు అంతర్జాతీయ ప్రమాణం పెట్టి దాన్ని నూరు అన్నారు. ఇవాళ తీగలకు వాడే మామూలు రాగి ఆ నూరును అందుకుంటుంది. ఆక్సిజన్ లేని రాగి అని గొప్పగా చెప్పేది 101 దగ్గర ఉంటుంది. ఆ ఒక్క శాతం మన అయిదు మీటర్ల తీగలో ఎంత? స్పీకరును యాంప్లిఫైయరుకు అయిదు సెంటీమీటర్లు దగ్గరికి జరిపినంత.

అసలు మోసం వన్నెలో కాదు, లోహంలోనే జరుగుతుంది. అల్యూమినియం తీగ మీద రాగి పూత వేసి అమ్మే సరుకు బజారు నిండా ఉంది. చూపుకు రాగే, నిరోధం మాత్రం సుమారు ఒకటిన్నర రెట్లు. హైదరాబాదు కోఠీ గుజరాతీ గల్లీలో ఒక పెద్దాయన నాకు దీన్ని పట్టే ఉపాయం చెప్పాడు. రెండు కాయిళ్లు తెచ్చి నా రెండు చేతుల్లో పెట్టి, "మెరుపు జూడకున్రి సార్, బరువు జూడున్రి" అన్నాడు. ఇంటికొచ్చి లెక్క కట్టాను. 2.5 జంట తీగ ఒక మీటరులో రాగి ఒక్కటే ఇంచుమించు 45 గ్రాములుండాలి. తొడుగుతో కలిపి తూచినా వంటింటి త్రాసు మీద అంత తూగకపోతే, పెట్టె మీద ఏం రాసినా అది 2.5 రాగి తీగ కాదు. పూత వేసినదైతే లోహం పదిహేను, ఇరవై గ్రాముల మధ్యే తూగుతుంది. కొసను బ్లేడుతో గీకినా తెలుస్తుంది: లోపల తెల్లగా కనిపిస్తే అల్యూమినియం. తగరం పూసిన రాగి అయితే ఎదురు, పైన తెలుపు, గీకితే ఎరుపు. సముద్రం ఒడ్డున ఉండేవాళ్లకు ఆ తగరం పూతే మేలు.

నా పచ్చతీగ సంగతి కూడా అప్పుడే తెలిసింది. పీవీసీ తొడుగు మెత్తగా ఉండాలని అందులో నూనెలాంటి పదార్థాలు కలుపుతారు. ఆ పాళ్లు కుదరకపోతే అవి ఏళ్లు గడిచే కొద్దీ విడిపోయి, తేమతో కలిసి రాగిని తింటాయి. పోగు పైపైనే పచ్చబడుతుంది కనక నడుమ భాగంలో పెద్ద నష్టం లేదు. ఇబ్బంది కొసల్లోనే. రాగి ఇంకో లోహాన్ని తాకి విద్యుత్తును అప్పగించే చోట చిలుము కూర్చుంటే పాట మధ్యలో గరగరలు మొదలవుతాయి.

కాబట్టి తీగ పనితనానికి చివరి పరీక్ష దాని కొస. ఉత్త రాగిని మెలితిప్పి స్పీకరు వెనక బిగించినా పనిచేస్తుంది, ఏడాదికోసారి విప్పి కొత్త కొస ఒలుచుకుంటే చాలు. చాలామంది కొసకు టంకం పూసి స్క్రూ కింద పెడతారు. అదే పొరపాటు. టంకం మెత్తటిది, ఒత్తిడికి నెమ్మదిగా జారుతుంది, కొన్నాళ్లకు స్క్రూ వదులవుతుంది. నాలుగు మిల్లీమీటర్ల బనానా ప్లగ్గులో తీగ దూర్చి సరైన పనిముట్టుతో గట్టిగా నొక్కితే పోగుల మధ్య గాలి దూరే సందు కూడా మిగలదు. సియాటిల్‌లోని బ్లూ జీన్స్ కేబుల్ సంస్థ ఇదే కెనారే తీగకు ఇంకో పద్ధతిలో ప్లగ్గు వేస్తుంది. తీగనూ ప్లగ్గునూ కలిపి ఒత్తి, సెకనుకు ఇరవై వేలసార్లకు పైబడిన కంపనంతో రుద్దుతారు. ఏదీ కరగదు. పైపొరలు తుడిచిపెట్టుకుపోయి లోహం లోహంతో ఏకమవుతుంది. పాటను మోసే తీగ కొసను చెవికి అందని ధ్వనితో అతకడం తలుచుకుంటే నాకిప్పటికీ ముచ్చటేస్తుంది.

కొనబోయేవాళ్లకు నేను చెప్పగలిగింది కొద్దిగానే ఉంది. ముందు టేపుతో దూరం కొలవండి, గోడ వెంట, తలుపు చుట్టూ, తీగ నడిచే దారిలోనే. అయిదారు మీటర్ల లోపైతే నికార్సయిన 2.5 రాగి తీగ ఏ ఇంటి స్పీకరుకైనా చాలు, మంచి కంపెనీ ఇంటి వైరు జంటగా పురి తిప్పి వేసుకున్నా సరే. పది దాటితేనో, స్పీకరు 4 ఓమ్‌లదైతేనో 4కు వెళ్లండి. ఒక పేట మీద గీతో గట్టో రంగో ఉందా చూడండి. ప్లస్, మైనస్ ఒక స్పీకరుకు తారుమారైతే రెండు స్పీకర్ల మంద్రం ఒకదాన్నొకటి మింగేసి, గాయకుడు గది నడుమ నిలబడకుండా ఎటో పోతాడు. అడ్డకోత చూపించమనండి. ఒక మీటరు తూచండి. తీగ మీద బాణం గుర్తులకూ, తీగను నేల నుంచి ఎత్తి పెట్టే పీటలకూ పెట్టే డబ్బు ఉంటే స్పీకర్లకు పెట్టండి.

ఈ కెనారే తీగ వేసి రెండు వానాకాలాలు గడిచాయి. మొన్న ఇల్లు సర్దుతూ స్పీకరు వెనక స్క్రూలు విప్పాను. నేను ప్లగ్గులు వేయలేదు, ఉత్త కొసలే. గాలి తగిలిన సెంటీమీటరు మేర రాగి మసకబారి గోధుమరంగుకు తిరిగింది. బల్ల మీది పచ్చముక్క గుర్తొచ్చి, బ్లేడు తీసుకుని తొడుగును ఇంకో సెంటీమీటరు వెనక్కి ఒలిచాను. నాలుగు పేటలూ వచ్చిన రోజు ఎలా ఉన్నాయో అలాగే ఎర్రగా ఉన్నాయి. మసకబారిన కొసలు కత్తిరించి పారేసి, ఎరుపుకు ఎరుపు, తెలుపుకు తెలుపు మెలితిప్పి మళ్లీ బిగించాను. ఈమని శంకరశాస్త్రి వీణ పెట్టుకుని కూర్చున్నాక, తీగ ఏ గోడ వెంట పోతోందో గుర్తు చేసుకోవాల్సిన పని పడలేదు.